రెండో సీటు ఎవరిది?



మన ఖాందానుల్లో గాడీ కొనేటప్పుడు మొదట లెక్కపెట్టేది సీట్లు. మైలేజీ, రంగు అన్నీ ఆ తర్వాతే. అమ్మీ, అబ్బా, పిల్లలు, పండక్కొచ్చిన ఖాలా, దవాఖానాకు పోవాల్సిన పక్కింటి నానీమా, అందరూ పట్టాలి. ఐదు సీట్ల గాడీలో ఎనిమిది మంది ఎక్కడం మనకు మామూలు సంగతి. అలాంటి ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి రెండే సీట్లున్న గాడీ కొంటానంటే ఏమవుతుంది? మా ఇంట్లో రెండు నెలల పాటు ఇదే బహస్ నడిచింది.

కొంటానన్నది మా తమ్ముడు. అమెరికాలో, టెక్సాస్‌లోని డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాడు. వాడికి నలభై రెండేళ్ళు. సాఫ్ట్‌వేర్ నౌకరీ. మరదలు, ముగ్గురు పిల్లలు. ఇరవై ఏళ్ళుగా అక్కడ వాడు నడిపినవన్నీ పెద్ద గాడీలే. పిల్లల బడి, వారం వారం సౌదా, ఎయిర్‌పోర్టులో దిగిన మెహమాన్లు, మస్జిద్ దావత్‌ల దేగిషాలు, అన్నీ ఆ గాడీల్లోనే తిరిగాయి. ఇద్దరు చెల్లెళ్ళ షాదీలు, కర్నూల్లో ఇంటి మరమ్మతు, అబ్బా ఆఖరి రోజుల ఇలాజ్, వీటన్నిటిలోనూ వాడి డాలర్లు ఉన్నాయి. తన కోసం వాడు ఏం కొనుక్కున్నాడో చెప్పమంటే నాకు ఒక్కటీ గుర్తుకురాదు.

అలాంటి వాడు ఒక ఇతవారం ఫోన్ చేసి, కొంచెం సిగ్గుపడుతూ అడిగాడు: "భాయిజాన్, మీరు పేపర్లో కార్ల పేజీ చూసేవాళ్ళు గదా. రెండు గాడీలున్నాయి. ఏది తీసుకోమంటారు?"

ఒకటి మాజ్దా ఎమ్‌ఎక్స్-5, అక్కడి వాళ్ళు మియాటా అంటారు. రెండోది ఫియట్ 124 స్పైడర్. రెండూ 2017 మోడల్, రెండూ సెకండ్ హ్యాండ్, రెండింటికీ టాప్ తీసి వెనక్కి మడవొచ్చు. వాడు పక్కన పెట్టుకున్నది ఇరవై వేల డాలర్లు. లోన్ తీసుకోడు. వడ్డీకి దూరంగా ఉండాలని మొదటి నుంచీ వాడి ఉసూల్, ఇంటి గాడీ కూడా నగదుకే కొన్నాడు. ఈ ఇరవై వేలూ నాలుగేళ్ళ జమ. అంటే తప్పు గాడీ ఎంచుకుంటే మళ్ళీ నాలుగేళ్ళు ఆగాలి. లేదా, నాకు తెలిసిన మా వాడి మిజాజ్‌ను బట్టి, ఇక జిందగీలో ఆ శౌక్ మాటే ఎత్తడు.

స్పీకర్‌లో వింటున్న అమ్మీ వెంటనే అందుకుంది. "దోఇచ్ సీటాఁ? బచ్చే కాఁ బైఠ్‌తే రే?" రెండే సీట్లయితే పిల్లలెక్కడ కూర్చుంటారని. తమ్ముడు చప్పుడు చేయలేదు. పెద్ద గాడీ అమ్మడం లేదు, అది ఉంటుంది, ఇది అదనం అని నేనే చెప్పాల్సి వచ్చింది. "అదనమంటే ఇస్రాఫ్ గదా" అంది అమ్మీ. ఆ మాటకు జవాబు అంత సులువు కాదు. అందుకే ముందు గాడీల సంగతి తేల్చుకుందాం అన్నాను.

మాజ్దా అనగానే మన ఊళ్ళ వాళ్ళకు గుర్తొచ్చేది స్వరాజ్ మాజ్దా. 1980ల నుంచి మన రోడ్ల మీద తిరిగిన వ్యాన్లు, మినీ బస్సులు, చిన్న లారీలు. కర్నూల్లో మా స్కూలు దగ్గరి మండీకి ఉల్లిగడ్డల బస్తాలు దాంట్లోనే వచ్చేవి. 2011లో ఆ కంపెనీ పేరు మారిపోయింది గానీ జనం నోట్లో మాజ్దా పోలేదు. ఫియట్ అంటే ప్రీమియర్ పద్మినీ. పెళ్ళికొడుకు ఊరేగింపుకు, ట్యాక్సీ స్టాండుకు, డాక్టరు సాబ్ ఇంటి ముందరకు ఒకటే గాడీ. ఈ రెండు పేర్లతో స్పోర్ట్స్ కార్లున్నాయంటే మా ఖాలా నమ్మనే లేదు.

కానీ ఉన్నాయి. వాటి కహానీ వినదగ్గది.

మియాటా పుట్టుక వెనక మా పేషా మనిషి ఒకాయన ఉన్నాడు. బాబ్ హాల్ అని అమెరికన్ మోటారు జర్నలిస్టు. జపనీస్ బాగా వచ్చు. 1979లో మాజ్దా పెద్ద ఇంజనీరు కెనిచి యమమోతోను కలిసినప్పుడు, ఎలాంటి కారు చేస్తే బాగుంటుందని ఆయన అడిగాడట. హాల్ చెప్పింది ఇది: ఒకప్పుడు ఇంగ్లండు వాళ్ళు చేసిన రెండు సీట్ల తేలికపాటి బండ్లు, ఎమ్‌జీలు, ట్రయంఫ్‌లు, లోటస్ ఎలాన్‌లు మాయమైపోతున్నాయి, మీరు అలాంటిది ఒకటి చేయండి. ఆ ఇంగ్లండు బండ్లు నడపడానికి ఎంత మజా ఇచ్చేవో అంత సతాయించేవి. ఆయిల్ కారేది, వాన పడితే లోపలికి నీళ్ళొచ్చేవి. ఆ మజా ఉండి, తక్లీఫ్ లేని గాడీ కావాలి. తర్వాత హాల్ మాజ్దాలోనే నౌకరీకి చేరాడు. పదేళ్ళకు, 1989 ఫిబ్రవరిలో, షికాగో ఆటో షోలో మియాటా జనం ముందుకొచ్చింది. అప్పటి ధర 13,800 డాలర్లు. పెద్ద జేబులున్న వాళ్ళ ఖిలౌనా కాదు, టీచర్లు, నర్సులు, క్లర్కులు కొనగలిగిన గాడీ.

ఇంజను ఏమంత పెద్దది కాదు, 1600 సీసీ. దాని బలం తేలికదనంలో ఉంది. ఇంజను ముందు, తోసే చక్రాలు వెనక, బరువు ముందు వెనక దాదాపు సగం సగం. మాజ్దా ఇంజనీర్లు దీనికి జపనీస్‌లో ఒక మాట పెట్టుకున్నారు, 'జింబా ఇత్తాయ్'. గుర్రమూ షహసవారూ ఒకటైపోవడం అని అర్థం. 2016 ఏప్రిల్‌లో పది లక్షలో ఎమ్‌ఎక్స్-5 తయారైంది. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ఇన్ని అమ్ముడైంది ఇంకోటి లేదు. తమ్ముడు చూసినది నాలుగో తరానిది. 2016లో ఆ మోడలుకే వరల్డ్ కార్ ఆఫ్ ది ఇయర్ ఇనామ్ వచ్చింది.

ఇక ఫియట్. అసలు 124 స్పైడర్ 1966 నాటిది, ఇటలీలో పినిన్‌ఫరీనా వాళ్ళ దగ్గర టామ్ జార్డా గీసిన సూరత్. 1980ల దాకా నడిచి ఆగిపోయింది. 2012లో ఫియట్, మాజ్దా ఒక ముఆహిదా చేసుకున్నాయి. మాజ్దా కొత్త ఎమ్‌ఎక్స్-5 నకాశీ మీదే ఇటలీ వాళ్ళకూ ఒక రెండు సీట్ల గాడీ చేసిపెట్టాలి. ముందు అది ఆల్ఫా రోమియో పేరుతో రావాల్సింది. ఆల్ఫా అన్నాక ఇటలీలోనే తయారవ్వాలని ఫియట్ పెద్ద సెర్జియో మార్కియోనీ పట్టుబట్టడంతో ఆ పేరు తీసేసి ఫియట్ పేరు పెట్టారు. 2015 నవంబరులో లాస్ ఏంజెలెస్‌లో చూపించారు.

అంటే ఇవి రెండూ ఒకే ఇంటి బిడ్డలు. రెండూ హిరోషిమాలోని మాజ్దా కార్ఖానాలోనే తయారయ్యాయి. కింది చట్రం ఒకటే, రెండు చక్రాల మధ్య దూరం ఒకటే, లోపల డ్యాష్‌బోర్డు, స్విచ్చులు, స్క్రీను దాదాపు ఒకటే. ఫియట్‌కు ఇంజను మాత్రం ఇటలీ నుంచి వచ్చేది. పైన రేకు వేరు. అమెరికాలో కొత్తప్పుడు ధర చూడండి: మాజ్దా 24,915 డాలర్ల నుంచి, ఫియట్ 24,995 నుంచి. తేడా ఎనభై డాలర్లు.

మరి ఫరక్ ఎక్కడ? మాజ్దాకు 2000 సీసీ మామూలు ఇంజను, 155 హార్స్‌పవర్. ఫియట్‌కు 1400 సీసీ టర్బో ఇంజను, 160 హార్స్‌పవర్. కాగితం మీద బరాబర్. కానీ లాగే బలం, అదే టార్కు, మాజ్దాకు 200 న్యూటన్ మీటర్లయితే ఫియట్‌కు దాదాపు 250. టర్బో అంటే పొగ గాలితో తిరిగే చిన్న పంకా, ఇంజనులోకి గాలిని దబాయించి పంపుతుంది. ఆ పంకా తిరగడం మొదలయ్యేదాకా చిన్న ఇంజను సుస్తుగా ఉంటుంది. తిరిగిందా, ఒక్కసారిగా జోష్ వస్తుంది. మాజ్దాకు ఆ ఇంతెజార్ లేదు, కాలు ఎంత నొక్కితే అంత. ఫియట్ పధ్నాలుగు సెంటీమీటర్లు పొడవు, నలభై యాభై కిలోలు ఎక్కువ బరువు, డిక్కీ కాస్త పెద్దది. ముందు అద్దం చప్పుడు ఆపే రకం, లోపల గద్దెలాంటి పొరలు కొంచెం ఎక్కువ, స్ప్రింగులు మెత్తన. మాజ్దా తేలిక, చురుకు, మోత ఎక్కువ. స్టెప్నీ రెండింటికీ లేదు, పంక్చర్ కిట్ మాత్రమే.

ఇదంతా నేను ఒక కాగితం మీద రాసి, ఫొటో తీసి తమ్ముడికి పంపాను. చదివి వాడు అన్నాడు: "సబ్ ఠీక్ హై భాయిజాన్. కానీ నా దిల్ ఫియట్ మీదే ఉంది."

ఎందుకో నాకు తెలుసు. అబ్బా కర్నూల్లో పద్దెనిమిదేళ్ళు ట్యాక్సీ నడిపాడు. నల్లరంగు, పసుపు టాప్, ప్రీమియర్ పద్మినీ. ఉగాదికి మహానందికి, ఉరుసుకు కడప అమీన్‌పీర్ దర్గాకు, ఆస్పత్రి కేసులకు రాత్రీపగలూ హైదరాబాదుకు. మా చిన్నతనమంతా ఆ ఇంజను వాసనలో గడిచింది. తమ్ముడికి నాలుగేళ్ళప్పుడు అబ్బా వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని స్టీరింగ్ పట్టించిన ఫొటో ఒకటి ఇప్పటికీ ఇర్వింగ్ ఇంట్లో గోడ మీద ఉంది.

"అరే బాబా, అది హిరోషిమాలో తయారైన గాడీ. పేరు తప్ప దాంట్లో ఫియట్ ఎంతుంది?" అన్నాను.

వాడు వెంటనే అన్నాడు: "అబ్బా గాడీ ఇటలీలో తయారైందా భాయిజాన్? బంబైలో, కుర్లాలో. అయినా జనం ఫియట్ అనే గదా అన్నారు."

నా దగ్గర జవాబు లేదు. వాడన్నది నిజం. కుర్లా కార్ఖానాలో చేసిన గాడీని దేశమంతా ఫియట్ అనే పిలిచింది. 2023 అక్టోబరులో ముంబయి రోడ్ల మీద ఆఖరి పద్మినీ ట్యాక్సీ రుఖ్సత్ అయినప్పుడు పేపర్లలో వచ్చిన ఫొటోలు చూసి నేనూ కాసేపు చుప్‌గా కూర్చున్నాను. పేరు పెట్టేది కంపెనీ వాళ్ళే అయినా, దానికి అర్థం పోసేది ఇళ్ళల్లోని వాళ్ళే.

ఆ మాట ఆ రాత్రి అమ్మీకి చెప్పాను. తమ్ముడు అబ్బా యాద్ కోసం ఫియట్ అంటున్నాడని. అమ్మీ ఇస్తిరీ పెడుతూ ఉంది. ఆపలేదు.

"అది సేఠ్ గాడీ" అంది. "మీ అబ్బా దాన్ని ఒక్కరోజు కూడా 'నా గాడీ' అనలేదు. రోజు కిరాయి కట్టి తీసుకొచ్చేవాడు. గేరు స్టీరింగ్ పక్కనే ఉండేది గదా, ఎడమ చేత్తో పైకీ కిందికీ లాగీ లాగీ రాత్రి భుజం ఎత్తలేకపోయేవాడు. నేను నువ్వులనూనె వేడి చేసి రాసేదాన్ని. నీకు యాద్ లేదా?"

యాద్ ఉంది. నూనె వాసన యాద్ ఉంది, గిన్నె యాద్ ఉంది. ఆ భుజం నొప్పిని ఆ గాడీతో కలిపి ఎప్పుడూ ఆలోచించలేదు, అంతే. పిల్లల కళ్ళకు గాడీ కనిపిస్తుంది, బీవీకి దాన్ని నడిపే మనిషి భుజం కనిపిస్తుంది.

అమ్మీ ఇంకో మాట అంది. "పద్దెనిమిదేళ్ళు ముందు సీట్లో ఉన్నాడు. నేను ఆ పక్క సీట్లో ఎన్నిసార్లు కూర్చున్నానో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎప్పుడూ సవారీలే."

ఈ 'సవారీ' అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. ఉర్దూ మీడియంలో చదివినప్పుడు సవారీ అంటే ఎక్కి పోయే వాహనం అనీ, దాని మీద పోవడం అనీ చెప్పారు. డిగ్రీలో తెలుగు చదివినప్పుడూ అంతే, గుర్రపు సవారీ అంటాం. కానీ అబ్బా లాంటి డ్రైవర్ల నోట్లో సవారీ అంటే కిరాయికి ఎక్కిన మనిషి. "ఇవ్వాళ నాలుగు సవారీలు దొరికాయి" అనేవాడు. నడిపేవాడి పేరు కాదది, పక్కనో వెనకో కూర్చునేవాడి పేరు.

అప్పుడు నాకు తట్టింది. స్పోర్ట్స్ కార్ల మీద ఇన్నేళ్ళుగా నేను చదివిన రివ్యూలు, నేనే తర్జుమా చేసి పేజీలో వేసినవి, అన్నీ నడిపే సీట్లోంచి రాసినవే. మలుపులో ఎలా తిరిగింది, గేరు ఎలా పడింది, స్టీరింగ్ ఎంత బరువుంది. రెండే సీట్లున్న గాడీలో సగం గాడీ పక్క సీటుది. ఆ సీట్లోంచి రాసిన వాళ్ళు ఎంతమంది? ఐదు సీట్ల గాడీలో పక్కవాడికి నచ్చకపోతే వెనక్కి పోయి పడుకుంటాడు. ఇక్కడ వెనక అనేదే లేదు. ఆ రెండో మనిషికి గాడీ నచ్చకపోతే నెల రోజుల్లో అది ఒంటరివాడి గాడీ అయిపోతుంది. ఇక అది ఇస్రాఫ్ కాక ఏమవుతుంది?

మర్నాడు తమ్ముడికి ఫోన్ చేసి ఒకటే అడిగాను. "దుల్హన్ ఏమంటోంది?"

"తనేమంటుంది భాయిజాన్, మీ ఇష్టం అంది."

"ఫోన్ ఆమెకివ్వు."

మరదలు నాతో ఎక్కువ మాట్లాడదు, సలాం, ఖైరియత్ అంతే. ఆ రోజు మాట్లాడింది. "భాయిజాన్, పెళ్ళయి పదిహేడేళ్ళు. మొదటి రెండేళ్ళు పక్క సీట్లో కూర్చున్నా. తర్వాత నుంచి వెనకే, పిల్లల మధ్య. పాల సీసా అందించాలి, కొట్లాట ఆపాలి. రెండు సీట్ల గాడీ అంటే నాకు ఖుషీనే. కానీ ఒక సంగతి మీ తమ్ముడు మీకు చెప్పలేదనుకుంటా. రెండు గాడీలూ క్లచ్ గాడీలు. ఆయనకు క్లచ్ రాదు."

వాడు డ్రైవింగ్ నేర్చుకున్నదే అమెరికాలో. అక్కడ దాదాపు అన్నీ ఆటోమేటిక్‌లే. కర్నూల్లో ఉన్నన్నాళ్ళూ వాడిది సైకిలు, అబ్బా ఒళ్ళో స్టీరింగ్ పట్టడమే వాడి అనుభవం. మరదలు నంద్యాల అమ్మాయి. వాళ్ళ అబ్బా మారుతి 800 మీద పందొమ్మిదో ఏట నేర్చుకుంది. పెళ్ళికి ముందు కాలేజీకి తనే నడుపుకుని పోయేది.

"అయితే రెండూ నువ్వే నడిపి చూడు, వాడు పక్కన కూర్చుంటాడు" అన్నాను. ఇదే నేను ఇచ్చిన మషూరా. పెద్దవాడిగా నా మాట ఇంట్లో చెల్లుతుంది కాబట్టి తమ్ముడు కాదనలేకపోయాడు.

ఇద్దరూ ఒక శనివారం రెండు గాడీలూ చూసొచ్చారు. పొద్దున ఫియట్, అసర్ తర్వాత మాజ్దా. ఆమె చెప్పినదంతా నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను, పాత అలవాటు.

ఫియట్ చూడ్డానికి ఖూబ్‌సూరత్. ముందు భాగం పొడవుగా, పాత జమానా గాడీలా ఉంది. హైవే మీద పక్కవాళ్ళ మాట బాగా వినబడింది. టాప్ వేసుకుంటే లోపల నెమ్మది. గుంతల్లో నడుం అదరలేదు. కానీ సిగ్నల్ దగ్గర రెండుసార్లు ఇంజను ఆగిపోయింది. తక్కువ స్పీడులో ఇంజను మొద్దునిద్రలో ఉన్నట్టుంది, ఎక్కువ తొక్కితే ఎగిరి దూకింది. పదిహేడేళ్ళ తర్వాత క్లచ్ తొక్కుతున్న తనకే ఇలా ఉంటే, కొత్తగా నేర్చుకునే ఆయనకు ఎలా ఉంటుందని ఆమె ఫికర్.

మాజ్దా మోత ఎక్కువ. హైవే మీద కాస్త గొంతెత్తి మాట్లాడాలి. స్ప్రింగులు గట్టి. కానీ క్లచ్ తేలిక, గేరు కర్ర పొట్టి, మణికట్టు తిప్పితే పడిపోతుంది. "మా అబ్బా మారుతి గుర్తొచ్చింది భాయిజాన్. కాలు ఎంత చెబితే అంత విన్నది" అంది. తమ్ముడు పక్క సీట్లో కూర్చుని వచ్చాడు. వాడేమన్నాడంటే, "మోకాలికి కింద ఒక ఉబ్బు తగులుతుంది, కాళ్ళు పూర్తిగా చాపలేం. కానీ టాప్ తీసి ఇంటికొస్తుంటే ఈమె నవ్వుతూ ఉంది. ఆ నవ్వు నేను చాలా రోజుల తర్వాత పక్కనుంచి చూశాను."

తర్వాత హిసాబ్ పని. శౌక్ ఎంత మంచిదైనా హిసాబ్ తప్పకూడదు. ఇన్సూరెన్స్ ఇద్దరి పేరు మీదా రెండింటికీ ఇంచుమించు ఒకటే వచ్చింది. డాలస్ వైపు వసంతంలో వడగళ్ళు పడతాయి, నిమ్మకాయలంతవి కూడా. గుడ్డ టాప్ గాడీని బయట వదలకూడదు, గరాజ్‌లో జాగా కావాలి. అది ఉంది. ఎండాకాలం నలభై డిగ్రీల ఎండలో టాప్ తీయడం కుదరదు, ఫజర్ తర్వాతో మగ్రిబ్ తర్వాతో తీయాలి. ఇవి రెండింటికీ ఒకటే.

సామాన్ల సంగతి వేరు. ఎమ్‌ఎక్స్-5 ఇప్పటికీ తయారవుతోంది, ముప్ఫై ఏళ్ళకు పైగా ఆగలేదు, తెలిసిన మేస్త్రీలు ప్రతి ఊళ్ళో ఉన్నారు. ఫియట్ 124 అమెరికాలో 2020 మోడలుతో ఖతం అయింది. చాలా సామాన్లు మాజ్దావే కాబట్టి అంత పరేషానీ లేదు. ఇంజను కూడా ఫియట్ 500 అబార్త్, డాడ్జ్ డార్ట్ లాంటి గాడీల్లో ఉన్నదే. కానీ ఆ మల్టీఎయిర్ ఇంజనుకు ఒక నఖ్రా ఉంది. దాని లోపల వాల్వులను కదిలించేది ఇంజను ఆయిలే. సరైన ఆయిల్, వేళకు మార్చిన ఆయిల్ లేకపోతే నొచ్చుకుంటుంది. అందుకే పాత ఫియట్ కొనేవాడు మొదట అడగాల్సింది ఆయిల్ మార్చిన రసీదులు. ఆ గాడీ అమ్మే ఆయన దగ్గర ఒక్కటీ లేదు, అన్నీ బాగానే చేయించానని నోటిమాటగా చెప్పాడు. మాజ్దా ఒక రిటైర్డు టీచరమ్మది. ఫైలులో ఏడేళ్ళ రసీదులు తారీఖు ప్రకారం ఉన్నాయి. ధర ఫియట్ కంటే వెయ్యి డాలర్లు ఎక్కువ, అయినా ఇరవై వేల లోపే.

ఇదంతా ముందు పెట్టాక నేను అమ్మీ చెప్పింది తమ్ముడికి చెప్పాను. సేఠ్ గాడీ అన్న మాట, భుజానికి నువ్వులనూనె, పక్క సీట్లో కూర్చోని అమ్మీ. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. ఫోన్ కట్ అయిందేమో అనుకున్నాను.

"నాకు ఈ సంగతి తెలీదు భాయిజాన్" అన్నాడు చివరికి.

"నువ్వు చిన్నోడివి."

"అబ్బా యాద్ అంటే ఆ గాడీ పేరు కాదంటారు అమ్మీ."

"అమ్మీ అలా అనలేదు. ఉన్న సంగతి చెప్పింది. ఫియట్ కొనాలనుంటే కొను, రసీదులున్నది వెతుక్కుని కొను. కానీ అబ్బా పేరు మీద కొనకు. ఆయన ఒకరి గాడీ తోలి మనల్ని చదివించాడు. నువ్వు నీ గాడీ నీ బీవీతో కలిసి ఎంచుకో."

మాజ్దా తీసుకున్నారు. బ్యాంకు చెక్కు ఇచ్చి, కాగితాలు ఇద్దరి పేరు మీదా రాయించుకున్నారు. అమ్మీ వీడియోలో చూసి, ఎర్ర రంగేంటి అంది, మాషా అల్లాహ్ అంది, తర్వాత అంత కిందకున్న సీట్లో తన మోకాళ్ళతో కూర్చోలేనని తేల్చేసింది. "నాకు పెద్ద గాడీ ఉంది గదా. అది మీ ఇద్దరిది" అంది. ఇస్రాఫ్ అన్న మాట మళ్ళీ ఎత్తలేదు. నేనూ అడగలేదు. హఖ్‌దారులందరి బాకీ తీర్చి, అప్పు చేయకుండా, ఇంటావిడ రజామందీతో కొన్న వస్తువు గురించి ఎవరి అభిప్రాయం వారిది. ఇంట్లో ఒకరి హక్కు కోసి కొని ఉంటే నేనే ముందు అడ్డు పడేవాణ్ణి.

ఇది చదివే వాళ్ళలో రెండు సీట్ల గాడీ కొనే వాళ్ళు కొద్దిమందే ఉంటారు. మన దేశంలో ఈ రెండూ అమ్మలేదు కూడా. అయినా ఇంట్లో ఏ పెద్ద వస్తువు కొంటున్నా, ఇల్లయినా, గాడీ అయినా, దాన్ని వాడే రెండో మనిషి ఎక్కడ కూర్చుంటుందో అక్కడ ఒకసారి కూర్చుని చూడండి. ఆ మనిషిని మీ సీట్లో కూర్చోబెట్టండి. "మీ ఇష్టం" అన్న జవాబుతో ఆగిపోకండి. ఆ రెండు మాటల వెనక తరచుగా ఒక పూర్తి జవాబు ఉంటుంది, అడిగేవాడి కోసం చూస్తూ.

ఇప్పుడు ఇర్వింగ్‌లో వారానికి రెండు రోజులు, ఇషా తర్వాత, మస్జిద్ వెనక ఖాళీ పార్కింగ్‌లో మా తమ్ముడు క్లచ్ నేర్చుకుంటున్నాడు. ఆఫీసులో పదిహేను మందికి పని చెప్పే మనిషి, మొదటి గేరులో గాడీ కుదుపుకి బిక్కమొహం వేస్తున్నాడట. పక్క సీట్లో మరదలు. "ఆహిస్తా, ఆహిస్తా, ఇప్పుడు వదలండి" అని చెబుతూ ఉంటుంది. పెద్ద కూతురు గట్టు మీద కూర్చుని, తన వంతు ఎప్పుడొస్తుందని అడుగుతోంది.